కబురు మోసే నరం

ఇలా నా పక్కకు జరిగి కూర్చో, అవనీ. ఆ ఐప్యాడ్ బల్ల మీద పెట్టు, అదేమీ పారిపోదు. శాలువా కాళ్ళ మీదికి లాక్కో. మీ అమ్మా నాన్నా ఆస్పత్రి నుంచి వచ్చేలోపల నీకొక సంగతి చెప్పాలి. మీ నాన్నకు తీరిక లేదు, మీ అమ్మకు ఓపిక లేదు. నాకు రెండూ ఉన్నాయి. లేనిది ఇంగ్లీషొక్కటే.

పొద్దున మీ అమ్మ కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటుంటే నువ్వు వెనకనుంచి వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేశావు. మీ అమ్మ నీ చేతులు విదిలించేసి లేచి నిలబడింది. నువ్వు ఏడవలేదు. వంటింట్లో నా దగ్గరకొచ్చి నిలబడ్డావు.

"అమ్మమ్మా, అమ్మ నన్ను పుష్ చేసింది. నా మీద మ్యాడా?"

కాదు తల్లీ. అది కోపం కాదు. కోపమైతే నేను మీ అమ్మను రెండు చీవాట్లు పెట్టి తగ్గించేదాన్ని. ఇది చీవాట్లకు లొంగేది కాదు.

నువ్వప్పటికి పుట్టి ఏడాది దాటిందేమో. గోడలు పట్టుకుని నడిచేదానివి. నేను నీకోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన రోజులు. ఒక పొద్దున ఈ నేపర్‌విల్‌లో ఇలాగే మంచు పడింది. మీ అమ్మ షికాగో రైలు ఎక్కడానికి స్టేషన్‌కు కారులో బయలుదేరింది. ఎర్రలైటు దగ్గర ఆగి ఉంటే వెనక కారు మంచులో జారి వచ్చి గుద్దింది. పెద్ద దెబ్బ కాదు. రక్తం లేదు, గాయం లేదు. ఆ గుద్దినవాడు దిగి పదిసార్లు సారీ చెప్పాడట. మీ అమ్మ ఆ రైలు తప్పిపోతే తర్వాతి రైలెక్కి ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం వచ్చి వంకాయ కూర కూడా వండింది. మెడ పట్టేసిందంటే తలగడ సరిగ్గా లేదేమో అనుకున్నాం.

వారం తిరిగేసరికి మెడలో ఉన్నది తలకెక్కింది. మెడ వెనక పుర్రె మొదలయ్యేచోట పుట్టి, చెవి మీదుగా పాకి, కన్ను పైదాకా వచ్చేది. కాలిన తీగ లాగినట్టుందమ్మా అనేది. ఫోటోలు తీశారు, స్కానులు తీశారు. వాటిలో ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నది సంతోషించవలసిన మాట. మీ అమ్మ మాత్రం ఆ కాగితం చూసుకుని ఏడ్చింది. ఏదో ఒకటి కనపడితే దాన్ని తీసేయొచ్చు కదా.

మీ అమ్మ జుట్టు సంగతి నీకు తెలియదు. ఇప్పుడు భుజాల దగ్గరే ఉంది కానీ, అప్పట్లో విప్పితే కుర్చీ కిందికి వచ్చేది. తెనాలిలో స్కూలుకు వెళ్ళేటప్పుడు రోజూ నా ముందు కూర్చోబెట్టుకుని ఆముదం రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లతో పైకి మడిచి కట్టేదాన్ని. మీ అమ్మకు నా మీద ఎప్పుడు అలక వచ్చినా జడ వేసేటప్పుడు తీరిపోయేది. వీపు నాకేసి తిప్పి కూర్చున్న మనిషితో దెబ్బలాడటం కష్టం. అన్నీ చెప్పేసేది. ఏ టీచరు తిట్టింది, ఏ స్నేహితురాలు మాట్లాడటం మానేసింది, అన్నీ నా చేతుల్లో దువ్వెన ఉన్నప్పుడే బయటికి వచ్చేవి.

అలాంటి తలను ముట్టుకోనివ్వడం మానేసింది. దువ్వెన పళ్ళు సూదుల్లా ఉన్నాయంది. జడ బరువు మోయలేనంది. ఈ చలిదేశంలో ఉన్ని టోపీ లేకుండా ఎవరు తిరుగుతారు? టోపీ పెడితే నొప్పి, తీస్తే గాలి తగిలి నొప్పి. తలగడకు తల వెనకభాగం ఆనించలేక రాత్రంతా పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకునేది.

నాకు తెలిసిన వైద్యం అంతా చేశాను. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకొచ్చిన సాన ఉంది కదా, దానిమీద శొంఠికొమ్ము అరగదీసి నుదుటికి పట్టు వేశాను. ఆవిరి పట్టించాను. గుడ్డ తడిపి కట్టబోతే కట్టనివ్వలేదు. ఎవరి దిష్టో తగిలిందని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి ఆ పొయ్యి మీద పెనంలో వేశాను. ఘాటు వచ్చిందో లేదో, ఇంటికప్పు మీది అలారాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి అరవడం మొదలుపెట్టాయి. మీ నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతున్నాడు, నువ్వు కేకలు పెడుతున్నావు, మీ అమ్మ రెండు చెవులూ మూసుకుని బాత్‌రూములో కూర్చుంది. దిష్టి సంగతేమో కానీ ఆ రోజు నొప్పి మాత్రం రెట్టింపయింది.

చూశావా, నా చేతులకు వచ్చిన వైద్యాలన్నీ తలను ముట్టుకునేవే. రాయడం, నొక్కడం, కట్టడం, దువ్వడం. ముట్టుకోకుండా చేసే వైద్యం నాకు ఒక్కటీ రాదు. బిడ్డ కళ్ళముందు అల్లాడుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఎంత కష్టమో నీకిప్పుడు అర్థం కాదు, అర్థమయ్యే రోజు రాకూడదు కూడా.

వాళ్ళ పెళ్ళిరోజు వచ్చింది. మీ అమ్మ పట్టుచీర కట్టుకుని, జుట్టు వదులుగా వదిలేసి, మీ నాన్నతో కలిసి వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. నేను అక్షింతలు తీసి మీ నాన్న తలమీద వేశాను. తర్వాత మీ అమ్మ తలమీదికి చెయ్యి చాపాను.

"అమ్మా, తలమీద వద్దు. ఇక్కడ వెయ్యి" అని కొంగు పట్టింది.

నాలుగు బియ్యపు గింజలు పడినా ఓర్చుకోలేని తల అది. కొంగులో వేశాను. దీర్ఘసుమంగళీభవ అన్నాను. కన్నకూతురి తలమీద చెయ్యి పెట్టి దీవించే పాటి అదృష్టం లేకపోయిందే అనుకున్నాను. నేను కోరుకున్నది ఆ ఒక్కటే, అవనీ. నొప్పి మొత్తం పోకపోయినా సరే, దాని తల మళ్ళీ నా చేతికి రావాలి.

మాత్రలు మింగింది. ఒకటి వేసుకుంటే మీటింగులో మాటలు తడబడేవి, ఇంకొకటి వేసుకుంటే అన్నం సయించేది కాదు. చాలామంది డాక్టర్లు తిరిగాక ఒకావిడ మీ అమ్మ మెడ వెనక పుర్రె కింద వేలితో ఒక్కచోట నొక్కిందట. మీ అమ్మ కుర్చీలోంచి ఎగిరిపడింది. నొప్పి తలలో ఉంది గానీ దాని పుట్టిల్లు మెడలో ఉందని ఆవిడ చెప్పింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మీ నాన్న నాకు విడమరచి చెప్పాడు. ప్రసాద్ మంచివాడు, నాకు అర్థం కాదని ఏదీ దాటేయడు. మెడలో పై ఎముకల కీలు ఆ యాక్సిడెంటులో అదిరిందట. ఆ కీలు దగ్గర ఒక సన్న నరం ఉంటుందట. కీలు నొప్పిని అది తలకు చేరవేస్తుందట. ముందు ఆ నరానికి మత్తు సూది వేసి చూస్తారు. మత్తున్న నాలుగు గంటలూ నొప్పి పోతే దొంగ అదేనని తేలుతుంది. అప్పుడు ఇంకో సన్న సూది పెట్టి, రేడియో తరంగాలతో దాని మొన వేడి చేసి, ఆ నరాన్ని కాలుస్తారు.

"వాత పెడతారన్నమాట" అన్నాను.

"వాతే అత్తయ్యగారూ. కాకపోతే లోపల పెడతారు."

"మా అన్నయ్యకు కామెర్లొస్తే వెదుళ్ళపల్లిలో చేతిమీద వాత పెట్టించారు. ఆ పాటిదానికి ఇంతదూరం వచ్చి ఇన్ని చదువులు చదవాలా?"

మీ అమ్మ నవ్వింది. ఎన్ని నెలలకో నవ్వింది. నవ్వితే మెడ కదిలి, వెంటనే చేత్తో పట్టుకుంది.

ఆ డాక్టరమ్మ దగ్గరకు నేనూ వెళ్ళాను. మీ అమ్మచేత అడిగించాను. నరం కాలిస్తే మెడ నిలబడుతుందా అని. నిలబడుతుంది, ఇది మెడను కదిపే నరం కాదు, కబురు మోసే నరం మాత్రమే అంది. అప్పుడు నాకు మా చిన్నప్పటి తంతి జవాను గుర్తొచ్చాడు. సైకిలు మీద టెలిగ్రాం తెచ్చేవాడు. వాణ్ణి వీధి చివర చూడగానే ఆడవాళ్ళు ఏడుపు లంకించుకునేవారు, అందులో ఏముందో చదవకముందే. వాణ్ణి వీధిలోకి రానివ్వకపోతే పోయిన మనిషి తిరిగొస్తాడా? అదే అడిగాను. మీ అమ్మ ఇంగ్లీషులో చెప్పడానికి తంటాలు పడింది. డాక్టరమ్మ విని, నిజమేనంది. కీలును బాగుచేయడం మాకు చేతకాదు, కబురును ఆపడమే చేతనవును, అదీ కొన్నాళ్ళకే, నరం మళ్ళీ పెరుగుతుంది అంది. చేతకాదు అని ఒప్పుకున్న డాక్టరును నేను అప్పుడే చూడటం. ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది, ధైర్యం మాత్రం పోయింది.

ఇప్పుడు విను, ఇక్కడే మనవాళ్ళం మాత్రమే చేసే పని ఒకటి చేశాం.

మత్తు సూది వేయించుకుని ఇంటికెళ్ళాక ఏ పని చేస్తే నొప్పి వస్తుందో ఆ పనే చెయ్యమని నర్సు చెప్పి పంపింది. మెడ తిప్పు, తల దువ్వు, బరువెత్తు, అప్పుడు ఎంత తగ్గిందో చెప్పు అని. మనింట్లో సూది అంటే ఏమిటి? మంచం వేయాలి, కర్టెన్లు మూయాలి, మిరియాల చారు పెట్టాలి. నేను అవన్నీ సిద్ధం చేసి ఉంచాను. మీ నాన్న ఆఫీసు ఫోన్లు కట్టేసి చప్పుడు చేయకుండా మేజోళ్ళతో నడుస్తున్నాడు. మన వీధిలోనే ఉండే విమలకుమారి ఆంటీ చర్చిలో ప్రార్థన చేయించి, యాపిల్ పళ్ళూ ఇడ్లీలూ పట్టుకుని పలకరించడానికి వచ్చింది. ఆవిడ ప్రార్థన చేసేటప్పుడు తలమీద చెయ్యి ఉంచుతుంది. మీ అమ్మ సంగతి తెలుసు కనుక చెయ్యి గాలిలోనే ఉంచి చేసింది.

మీ అమ్మ చెప్పబోయింది. "లేదాంటీ, నేనిప్పుడు పనులు చెయ్యాలంట."

"పనులెక్కడికి పోతాయమ్మా నళినీ? సూదిపోటు పడ్డ ఒళ్ళు. ఒక్క కునుకు తియ్యి, లేచి చేద్దువుగాని" అంది విమలకుమారి. మీ నాన్న అదే మంచిదన్నాడు. నేను చారన్నం కలిపి పెట్టాను. మీ అమ్మ తినేసింది. నిద్రకు మొహం వాచి ఉంది. వెళ్ళి పడుకుంది.

మధ్యలో ఒకసారి తలుపు వారగా తీసి చూశాను. వెల్లకిలా పడుకుంది, అవనీ. తల వెనకభాగం తలగడలోకి దిగబడిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టు. అలా పడుకుని ఏడాది పైనయింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లేపుదామంటే చేతులు రాలేదు. నువ్వయితే లేపుతావా?

లేచేసరికి మత్తు దిగిపోయింది, తీగ మళ్ళీ లాగుతోంది. మర్నాడు నర్సు ఫోన్ చేసి నూటికి ఎంత తగ్గిందని అడిగింది. మీ అమ్మ అబద్ధం చెప్పదు. నిద్రపోయాను, తెలియదంది. వెల్లకిలా పడుకుందని చెప్పు అని నేను పక్కనుంచి పోరాను. మీ నాన్న ఫోన్ తీసుకుని చెప్పాడు కూడా. ఆ నర్సు ఓపిగ్గా విన్నదట, సంతోషమందట, కానీ నిద్ర లెక్కలోకి రాదట. ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరు. మెలకువలో తగ్గాలి, అదీ రెండుసార్లు తగ్గాలి. మళ్ళీ తారీఖు దొరికేదాకా ఆగండి అంది.

మీ అమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఫ్రిజ్‌లో ఉన్న ఆ ఇడ్లీలు తీసి వేడిచేసుకుని తిని, లాప్‌టాప్ ముందు కూర్చుంది. విమలకుమారి మాత్రం ఆ తర్వాత మనింటికి వచ్చినప్పుడల్లా ముందు వంటింట్లోకి వచ్చి, నళిని పడుకుందా అని అడిగి, పడుకోలేదంటేనే కూర్చునేది.

శీతకాలం పోయి చెట్లకు చివుళ్ళు వచ్చాక మళ్ళీ సూది వేశారు. ఈసారి ఎవర్నీ రానివ్వలేదు. మీ అమ్మ కారు దిగి నేరుగా లోపలికొచ్చి, నేను కూర్చున్న ఈ సోఫా ముందే నేలమీద కూర్చుని, వీపు నాకేసి తిప్పింది. దువ్వెన నా ఒళ్ళో పడేసింది.

"జడ వెయ్యమ్మా."

వద్దులేవే అన్నాను. నొప్పి పుడుతుందో లేదో చూడాలి కదా, నువ్వు కాకపోతే ఎవరు చూస్తారంది. కొసలనుంచి మెల్లగా మొదలుపెట్టాను. చిక్కులు తీస్తూ పైకి వచ్చాను. మెడ వెనకకు వచ్చేసరికి దువ్వెన పట్టు సడలించాను. దువ్వెన అలా వెళ్ళిపోయింది. మీ అమ్మ కదల్లేదు.

"గట్టిగా లాగు. స్కూల్‌కి వేసినట్టు లాగు."

లాగాను. మూడు పాయలూ బిగించి, కళ్ళు పైకి పోయేటట్టు అల్లాను. అల్లుతుంటే మీ అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఆఫీసులో తను లేనప్పుడు ఎవరు తన పని మోశారో, ఎవరు వెనక నవ్వారో, నిన్నెత్తుకోలేక ఎన్నిసార్లు వేరే గదిలోకి వెళ్ళిపోయిందో, అన్నీ చెప్పింది. నువ్వు ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి దాని వీపెక్కి మెడ పట్టుకుని వేలాడావు. మీ నాన్న కంగారుగా లేచాడు. ఉండనివ్వమని చెయ్యి ఊపింది. నిన్నలా మోసుకుంటూనే లేచి ఇల్లంతా తిరిగింది. ఎండుటాకులా తేలిపోతూ తిరిగింది. తర్వాత ఉన్ని టోపీ పెట్టుకుని, చలి లేకపోయినా, వీధి చివరిదాకా నడిచి వచ్చింది.

సాయంత్రమవుతుండగా సోఫాలో నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. మీ నాన్న భయపడి తగ్గలేదా అని అడిగాడు.

"మొత్తం తగ్గింది. అందుకే ఏడుస్తున్నా. ఇంకాసేపట్లో వచ్చేస్తుంది" అంది.

వచ్చేసింది. ముందు చెవి వెనక చురుక్కుమందట. తర్వాత జడ బరువెక్కింది. నేను అంత బిగించి వేసిన జడను నేనే విప్పాలి. ఒక్కొక్క పాయ తీస్తుంటే మీ అమ్మ తువ్వాలు పళ్ళమధ్య పెట్టుకుని కొరికింది. పొద్దున నా చేతుల్లో ఉన్న సంతోషాన్ని నా చేతులతోనే విప్పేశాను. ఆ వారమే మీ అమ్మ సెలూన్‌కి వెళ్ళి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని వచ్చింది.

ఇంకోసారి మత్తు సూది వేసినప్పుడు కూడా నొప్పి తగ్గాక అసలు వాత పెట్టారు. మీ అమ్మను బోర్లా పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్ళారు. నేనూ మీ నాన్నా బయట కుర్చీల్లో కూర్చున్నాం. గోడమీద టీవీలో ఎవరో కేకు చేస్తున్నారు. అది పూర్తయ్యేలోపలే మీ అమ్మ నడుచుకుంటూ వచ్చేసింది. నేను ఇక నొప్పి ఉండదనుకున్నాను. ఉంది, ముందుకంటే ఎక్కువ ఉంది. కాలిన చర్మంలా తలంతా మంట. చెవి వెనక ఒకచోట స్పర్శే లేదు. డాక్టరమ్మ ఇది మామూలే, ఆగండి అంది. ఆగడం ఒక్కటే మా అందరికీ చేతనయిన పని. ఆగాం.

అదెప్పుడు తగ్గిందో ఎవరికీ తెలియదు. ఒకరోజు మీ అమ్మ కూనిరాగం తీస్తూ గిన్నెలు సర్దుతుంటే చూశాను. పెళ్ళిరోజుకు మళ్ళీ వంగి దణ్ణం పెట్టింది. కొంగు పట్టలేదు. తల అలాగే వంచి ఉంచింది. అక్షింతలు వేసి, అరచెయ్యి మొత్తం ఆనించాను. ఎంతసేపు ఉంచానో, మీ నాన్న ఫోటో తీసి విసిగిపోయాడు. "చాలమ్మా, నడుం నొప్పి వస్తోంది" అంది మీ అమ్మ కిందనుంచి. ఆ నొప్పికి నాకు ఎంత సంతోషమేసిందో.

డాక్టరమ్మ చెప్పినట్టే నరం మళ్ళీ పెరిగింది. ఈ శీతకాలం మొదట్లో మీ అమ్మ టోపీ పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్ళడం చూశాను. అడగలేదు. తను చెప్పలేదు. నిన్న రాత్రి చెప్పింది, ఇవాళ మళ్ళీ వాత పెడుతున్నారని. పోయినసారి పనిచేసినంత ఈసారి చేయకపోవచ్చని కూడా డాక్టరమ్మ ముందే చెప్పిందట. అందుకే పొద్దున నీ చేతులు విదిలించింది తల్లీ. నిన్ను కాదు, ఆ తీగను.

అదిగో గరాజ్ తలుపు లేస్తోంది. ఆగు, పరుగెత్తకు. వెనకనుంచి వెళ్ళకు. ఎదురుగా వెళ్ళి నిలబడు, చేతులు చాపి ఉంచు, తనే వచ్చి పట్టుకుంటుంది. ఇవాళ మొహం వాడిపోయి ఉంటుంది. కొన్నాళ్ళు మంట ఉంటుంది. తగ్గుతుందో లేదో నాకు తెలియదు, అబద్ధం చెప్పను.

ఒక్కటి గుర్తుపెట్టుకో. నొప్పిలో ఉన్నవాళ్ళకు నొప్పిలేని రోజు జ్ఞాపకం రాదు. అసలు అలాంటిది లేదనిపిస్తుంది. మీ అమ్మ ఎప్పుడైనా అలా అంటే, నేను ఉన్నా లేకపోయినా, నువ్వు పక్కన కూర్చుని చెప్పాలి. ఒకసారి నువ్వు గట్టిగా లాగమన్నావట, అమ్మమ్మ కళ్ళు పైకి పోయేటట్టు జడ వేసిందట, నేను నీ వీపెక్కి వేలాడానట అని. తెలుగు తప్పులొచ్చినా ఫరవాలేదు. ఏదీ, నాకొకసారి చెప్పి చూపించు. తర్వాత వెళ్ళి తలుపు తియ్యి.